చిన్నక్క ఇంట్లో గురువారం కూటం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. చిన్నక్క విషయంలో అది తలకిందులైంది. దుమ్ముగూడెం చుట్టుపక్కల చర్చి స్త్రీల సమాజంలో ఆమె ఎప్పుడో గెలిచింది. పాట ఎత్తుకోవాలన్నా, బైబిలు కథను కోయ భాషలో చెప్పాలన్నా ఆమే ముందు. అలాంటి మనిషి ముప్పై ఏళ్లుగా తన ఇంట్లో ఒక్క గురువారం ప్రార్థన కూటం పెట్టించుకోలేకపోయింది.

ఆ రోజుల్లో కూటమంటే హాలు కాదు, ఇల్లు. వారానికొక ఇంట్లో జరిగేది. పొలం పనో, తునికాకు కోతో ముగించుకుని, కాళ్లు కడుక్కుని ఆడవాళ్లు ఒక్కొక్కరే చేరేవారు. అన్నం వండిన ప్రతిసారీ దేవుడి పేరిట తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యాన్ని కొంగున ముడేసుకుని తెచ్చి, చాప మధ్యలో పెట్టిన చేటలో పోసేవారు. ఊళ్లో ఏ బాలింతకో, ఏ జ్వరం మనిషికో ఆ చేట చేరేది. అది ఎవరింటికి పోయిందో మళ్లీ ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

బైబిలు చదివేది దీవెనమ్మ. చంకలో గొడుగు పెట్టుకుని ఊరూరూ నడిచి ఆడవాళ్లకు వాక్యం చెప్పడమే ఆవిడ ఉద్యోగం. కథ చదవడం పూర్తికాగానే పుస్తకం మూసేసి, "నా పని అయిపోయింది, ఇక మీరు చెప్పండి" అనేది. అప్పుడు మొదలయ్యేది అసలు సందడి. యేసు మార్త ఇంటికి చుట్టంగా వచ్చిన కథ ఉంది చూడండి, అది ఎప్పుడు చదివినా గొడవే. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంటే, మార్త ఒక్కతే వంటింట్లో చెమటలు కక్కింది. పైగా చెల్లెలిదే మంచి పని అని మాట పడింది. చిన్నక్క స్నేహితురాలు జంపక్కకు ఈ తీర్పు ఏనాడూ మింగుడుపడలేదు.

"ఆమె గూడ పోయి కూసుంటే పొయ్యి మీది కూడు ఎవరు దింపాలె?" అనేది. దీవెనమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేది. ఆ నవ్వు చిన్నక్కకు ఇప్పటికీ గుర్తే. దీవెనమ్మ తర్వాత అలా నవ్వే మనిషి మళ్లీ ఈ దారిన రాలేదు.

చిన్నక్క ఇంటికి కూటం రాకపోవడానికి కారణం ఆమె భర్త పగిడయ్య. వాళ్ల ఇంటిపేరు వాళ్లందరి ఇలవేల్పులూ ఆ ఇంట్లోనే, తూర్పు మూలన ఉండేవి. వాటికి పూజ చేసేది పగిడయ్యే. పెళ్లయిన కొత్తలో చిన్నక్క చర్చికి పోతానన్నప్పుడు ఆయన కేకలేమీ వేయలేదు.

"యాడికన్న పో, నేనొద్దన. గడప లోపట మాత్రం మావోళ్లున్నరు. ఇద్దరు పెద్దమనుషుల్ని ఒక్క మంచం మీద కూసోవెడ్తే ఇద్దరికీ మర్యాద గాదు" అన్నాడు. చిన్నక్క ఆ మాట ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే దీవెనమ్మా ఒప్పుకుంది.

ఆయన చెడ్డవాడు కాదు. ఇప్పపూల కాలంలో ఎలుగుబంట్లు తిరుగుతాయని, కూటం ఎవరింట్లో జరిగినా ఆ ఇంటి బయట బీడీ కాలుస్తూ కూర్చుని, అయిపోయాక ఆమెను వెంటబెట్టుకుని వచ్చేవాడు. లోపల ఆడవాళ్లేమో వారం వారం తప్పకుండా, "చిన్నక్క భర్త కఠిన హృదయాన్ని కరిగించు ప్రభువా" అని ప్రార్థించేవారు. చిన్నక్క కూడా గట్టిగా ఆమెన్ అనేది. ఆ తర్వాత ఆ కఠిన హృదయుడి టార్చిలైటు వెలుగులోనే ఇంటికి నడిచేది. ఎక్కడో కాస్త సిగ్గనిపించేది.

ఈ ఏడు వేల్పుల జాతర, కొలుపులయ్యాక కుల పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. పగిడయ్య చేతులు వణుకుతున్నాయి, ఇక పూజ ఆయన వల్ల కాదన్నారు. వేల్పులను తమ్ముడు భద్రయ్య ఇంటికి తీసుకుపోవాలని తీర్మానించారు. డోలు మోగుతుంటే పగిడయ్య వీధి చివరిదాకా వెనకే నడిచి, అక్కడి నుంచి ఒక్కడే తిరిగొచ్చాడు. ఆనాటి నుంచి ఆ మూలకే ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. అక్కడేమీ లేకపోయినా పొద్దున్నే తనే ఊడుస్తున్నాడు.

ఒకనాడు ఉన్నట్టుండి అన్నాడు. "ఇల్లు బోసిగున్నదే. మనుషుల సప్పుడన్న ఉండాలె. మీవోళ్లను పిలువరాదు?"

ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట. ఎగిరి గంతెయ్యాల్సింది. చిన్నక్క నోట్లోంచి "అవ్, పిలుస్త" అన్న మాట మాత్రమే వచ్చింది.

తీరా చూస్తే ఇప్పుడు ఇళ్లలో కూటాలెక్కడున్నాయి? హాలొచ్చింది, ఫ్యాన్లొచ్చాయి, ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి, మైకొచ్చింది. పాస్టరుగారి భార్య ప్రమీల ఖమ్మం నుంచి వచ్చిన చిన్నపిల్ల. మంచిది, చురుకైనది. తెల్లారేసరికి అందరి ఫోన్లకూ వాక్యం పంపిస్తుంది, నెలకోసారి క్విజ్ పెట్టి గిన్నెలు బహుమతిస్తుంది. జవాబులన్నీ ఒక్క మాటలో చెప్పాలి. మార్త పక్షాన పోట్లాడేవాళ్లకు అందులో మార్కులు లేవు. చిన్నక్క, జంపక్క వెనక వరుసలో కూర్చుని ఫ్యాను గాలికి కునికిపాట్లు పడుతుంటారు.

ఆ గురువారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు చిన్నక్క లేచి నిలబడింది. "వచ్చే వారం కూటం మా ఇంట్ల పెట్టుకుందాం. మా ఇంట్ల ఇప్పుడు ఇలవేల్పులు లేవు. మా ఆయన రమ్మన్నడు."

హాలు హాలంతా చప్పట్లు. "పగిడయ్య మారిండు! స్తోత్రం!" అని ఒకరు, "ముప్పై ఏండ్ల ప్రార్థన!" అని ఒకరు. ప్రమీల వచ్చి ఆమెను కావలించుకుంది. "అందరం వస్తాం పెద్దమ్మా. ఆ మూలలోనే నిలబడి విజయ ప్రార్థన చేద్దాం" అంది. ఆ పిల్ల కళ్లలో కల్మషం లేదు, ఉన్నదంతా సంతోషమే. చిన్నక్క మాత్రం కూటం అయ్యీ కాగానే బయటపడింది.

దారిలో జంపక్కతో చెప్పుకుంది. "ఆయన మారలేదే. మనుషుల సప్పుడు కావాలన్నడు, అంతే. ఈళ్లొచ్చి గెలిచినం గెలిచినం అంటే ముసలోడు ఏమైపోవాలె?"

"మనమే గద ఇన్నేండ్లు గట్ల ప్రార్థన చేసింది. ఇప్పుడొద్దంటే ఎట్లనే?" అంది జంపక్క. నిజమే మరి. చిన్నక్క పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. రావద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడు, రమ్మంటే ఆయన మనసు విరుగుతుంది.

ఆ రోజు రానే వచ్చింది. పగిడయ్య వాకిలి అలికించాడు, కోడిని కోశాడు, వణికే చేతులతో తనే కూర వండాడు. ఇల్లంతా చాపలు పరిచాడు, తూర్పు మూలలో తప్ప. ఆడవాళ్లు వచ్చేసరికి బయట పందిరి కింద మంచం మీద కూర్చున్నాడు.

పాటలయ్యాయి. కథ చెప్పడం ఇంటామె వంతన్నారు. చిన్నక్క మార్త కథే ఎత్తుకుంది, కోయలో. ఎన్నాళ్లకో ఆ భాషలో ఆ కథ నోటికి రాగానే ఆమె వయసు సగమైంది. జంపక్క ఊరుకుంటుందా? "మరి కూడు ఎవరు దింపాలె?" అని తగులుకుంది. కుర్ర ఆడపిల్లలు కడుపుబ్బ నవ్వారు. ప్రమీలకు భాష సగమే అర్థమైనా ఆమే ఎక్కువ నవ్వింది.

"నేను వండినామె దిక్కే. ఇయ్యాల నాకు తెలిసొచ్చింది" అని బయటి నుంచి పగిడయ్య గొంతు. ఇల్లంతా ఘొల్లుమంది.

ఇక ముగింపు ప్రార్థన మిగిలింది. ప్రమీల లేచి తూర్పు మూలకు తిరిగి చెయ్యెత్తింది. "ఈ ఇంటిని చీకటి నుంచి విడిపించి, విజయమిచ్చిన తండ్రీ..."

పందిరి కింద నవ్వు ఆగిపోయింది. చిన్నక్క గుమ్మంలోంచి చూసింది. పగిడయ్య తల దించుకుని ఉన్నాడు.

"అమ్మగారూ, ఆగుండ్రి. ఇంటామెను నేను. ప్రార్థన నేను చేస్త."

అందరూ కళ్లు తెరిచారు. చిన్నక్క పాడుతుంది, కథ చెబుతుంది. పైకి ప్రార్థన చేయడం మాత్రం చదువుకున్నవాళ్ల పనని ఎన్నడూ నోరు విప్పలేదు. ఇప్పుడు కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టింది. గొంతు బయటికి వినిపించేలా ఉంది.

"ప్రభువా, మా ఇంటికొచ్చినవ్. శానా సంతోషం. ఆయన్ని మార్చు మార్చని ఇన్నేండ్లు నీ చెవులు తిన్నం. ఆయనేం మారలే. ఆయనోళ్లు ఆయన్ని ఇడిసి పోయిండ్రు. ముసలోని మనసు కాలుతున్నది. ఇందుల గెలుసుడు లేదు, ఓడుడు లేదు. నువ్వు మార్త ఇంటికి సుట్టపోని లెక్క పోయినవ్ గద, ఈడ గూడ గట్లనే కూసో. ఆ మూల జోలికి పోకు. ఆయన అన్నం తినేటప్పుడు ఎవరూ మాట్లాడెటోళ్లు లేరు. పక్కన కూసొని జెరసేపు మాట్లాడు. ఆమెన్."

ముందుగా ఆమెన్ అన్నది ప్రమీలే. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించిందో, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంటోంది.

పగిడయ్య గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "కూర సల్లారుతున్నది, లేవుండ్రి" అన్నాడు. తనే విస్తళ్లు పరిచి, ఒక్కొక్కరికీ వడ్డించాడు. జంపక్కకు మాత్రం ఒక ముక్క ఎక్కువేశాడు.

ఆడవాళ్లంతా వెళ్లిపోయాక చాపలు చుడుతూ, చిన్నక్క వైపు చూడకుండానే అడిగాడు.

"వచ్చే వారం గూడ ఈడనే పెట్టుకోరాదు?"

వారమంతా ఆపుకున్న ఏడుపు చిన్నక్కకు అప్పుడొచ్చింది.