పాపాయమ్మ వాచీలు

పెళ్ళిళ్ళకు వెళితే ఆడవాళ్ళు ఒకరి మెడలు ఒకరు చూసుకుంటారు. పాపాయమ్మ మాత్రం మగవాళ్ళ మణికట్లు చూసేది. పెనుగొండ దగ్గర కొబ్బరితోట, వరిచేలు ఉన్న రైతు చంద్రరావు భార్య ఆమె. ఎవరి చేతికైనా పాత స్విస్ వాచీ కనిపిస్తే, బంతిలో వడ్డిస్తున్నదల్లా గరిటె పట్టుకునే ఆగిపోయేది.

ఈ పిచ్చి పుట్టింట్లోనే పట్టుకుంది. వాళ్ళ నాన్నకు రోమర్ వాచీ ఉండేది. రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చే పని కూతురిది. "బిగిసిందనిపించగానే ఆపెయ్యాలమ్మా, బలవంతం చెయ్యకూడదు" అని ఆయన నేర్పాడు. పెళ్ళయ్యాక ఆ వాచీ ఆమెతోపాటే అత్తారింటికి వచ్చింది.

తొంభైల్లో ఊరంతా బ్యాటరీ వాచీలకు మారిపోయింది. తండ్రుల నాటి వాచీలు బీరువా అడుగుకో, పిల్లల ఆటలకో పోయాయి. పాపాయమ్మ వాటిని అడిగి తెచ్చుకునేది. కొందరు ఊరికే ఇచ్చేశారు. కొందరికి బుట్టెడు మామిడిపళ్ళు పంపింది. ఫావర్ లూబా, వెస్ట్ ఎండ్, టిటోనీ, కామీ, ఎక్కడో దొరికిన ఒకే ఒక్క ఒమేగా. ఆగిపోయినవాటిని భీమవరంలో వాచీలు బాగుచేసే చిట్టియ్య దగ్గరికి పట్టుకెళ్ళి, అతను విప్పుతుంటే పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. పనిలేక ఈగలు తోలుకుంటున్న చిట్టియ్యకు ఆమె వచ్చిందంటే పండగే.

చంద్రరావు అడ్డు చెప్పలేదు. అలాగని పట్టించుకోనూ లేదు. ఆమె చిట్టియ్య కొట్లో ఉన్నంతసేపూ ఎదురుగా టీకొట్లో పేపరు చదువుకునేవాడు. "మా ఆవిడ చచ్చిన వాచీలకి ప్రాణం పోస్తాదండి" అని నలుగురిలో నవ్వేవాడు.

ఒక శివరాత్రికి ఇద్దరూ పట్టిసీమ వెళ్ళారు. గుడి ఉన్న లంకకు జనాన్ని దాటించే లాంచీ నడుపుతున్న సారంగు గంగరాజు, చొక్కా జేబులోంచి గొలుసు గడియారం తీసి చూసుకున్నాడు. తెల్లటి డయలు, నల్లటి అంకెలు. లాంచీ ఆగాక అందరూ వీరభద్రుడి దర్శనానికి ఇసుకలో నడిచిపోయారు. పాపాయమ్మ దిగలేదు.

"అది నడుస్తోందా బాబూ?"

"లేదండి. మా తాతదండి. ఆయనా లాంచీ సారంగేనండి. మా నాన్న చేతికొచ్చేసరికే ఆగిపోయిందండి. అలవాటుకొద్దీ తీస్తానండి, అంతే."

"నాకివ్వు. నడిపిస్తాను."

"అమ్మనండి."

"అమ్మమన్లేదు. నడిపించి తెచ్చి నీ చేతిలోనే పెడతాను. ఆ తర్వాత నీ ఇష్టం."

గంగరాజు ఇచ్చిన గడియారంలో అరిగిపోయిన భాగానికి బదులు ఎక్కడా దొరకలేదు. చివరికి చిట్టియ్య అలాంటిదే మరో పాడైన గడియారంలోంచి తీసి అమర్చాడు. మామిడిపళ్ళ కాలం వెళ్ళాక పాపాయమ్మ దాన్ని పట్టిసీమ రేవుకు తీసుకెళ్ళి గంగరాజుకు ఇచ్చింది. అతను చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత తుండుతో తుడిచి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"నా దగ్గరుంటే నీళ్ళకీ చెమటకీ మళ్ళీ ఆగిపోద్దండి. మీ దగ్గరే ఉంచండి. ఎవరన్నా అడిగితే మా తాత పేరు చెప్పండి, చాలు. బుల్లియ్యండి."

ఆ మరుసటేడు రాజమండ్రిలో ఒక క్లబ్బు వాళ్ళు పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. పెనుగొండ దగ్గర ఇలా వాచీలు ఉన్నాయని ఎవరో చెబితే విని, కార్యదర్శి సుధాకర్ కబురు పంపాడు. పాపాయమ్మ తెల్లవారుతూనే స్నానం చేసి, అన్నిటికీ కీ ఇచ్చి, టేకు పెట్టెలో వరసగా సర్దింది. చంద్రరావు కొత్త పట్టు లాల్చీ వేసుకున్నాడు. అంబాసిడర్ కారు మాట్లాడుకుని వెళ్ళారు.

హాల్లో వాళ్ళకు కేటాయించిన బల్ల మీద అట్టముక్క నిలబెట్టి ఉంది. 'శ్రీ చంద్రరావు గారి స్విస్ వాచీల సేకరణ.'

సుధాకర్ ఎదురొచ్చి చంద్రరావు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఎంత అభిరుచండీ మీది!"

"ఏదోనండి" అన్నాడు చంద్రరావు. లాల్చీ సర్దుకున్నాడు.

మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, బహుమతులు నిర్ణయించేది ఆయనేనట, చంద్రరావు వైపు వంగి అడిగాడు. "వీటిలో మీకు ప్రాణప్రదమైనది ఏదండీ?"

చంద్రరావు వేలు తెరిచి ఉన్న పెట్టెలో వాచీల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి, ఎక్కడా ఆగకుండా వెనక్కి వచ్చింది. పెద్దాయన మర్యాదగా నవ్వి, మళ్ళీ వస్తానని పక్క బల్లకు వెళ్ళాడు.

"ఏమండీ, ఆ అట్ట మార్పించండి" అంది పాపాయమ్మ మెల్లిగా.

"ఇప్పుడెందుకే, అందరూ చూస్తుంటే? నా పేరయితే ఏంటి, నీ పేరయితే ఏంటి? ఇద్దరం ఒకటే కదా!"

"అయితే పొలం పాసుపుస్తకంలో నా పేరు రాయించండి."

అతను గతుక్కుమన్నాడు. ఆమె పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. చంద్రరావు భార్య మొహం చూశాడు. కోపం లేదు. ఇక తనేమీ చెప్పక్కర్లేదన్నట్టు తల ఎత్తి కూర్చుంది.

అతను గబగబా వేదిక ఎక్కి మైకు పట్టుకున్నాడు.

"నమస్కారమండి. నా పేరు చంద్రరావండి. ఆ అట్ట మీద పేరు నాదే గానండి, వాచీలు నావి కావండి. అన్నీ మా ఆవిడ పాపాయమ్మవండి. ఒక్కోదాని కోసం ఎన్ని ఊళ్ళు తిరిగిందో నాకు తెలుసండి. నేను బయట కూర్చుని టీ తాగానండి. ఇందాక పెద్దాయన అడిగితే ఒక్క వాచీ పేరూ నాకు నోటికి రాలేదండి. ఆవిణ్ణి అడగండి. నేనూ ఇవాళే చూస్తానండి."

జనం ముందు నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. సుధాకర్ నొచ్చుకుంటూ వచ్చి కొత్త అట్ట తన చేత్తోనే రాశాడు. పాపాయమ్మ మూత తెరిచింది. అన్ని వాచీలూ ఒక్కసారిగా వినిపించేసరికి బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. "ఇది పట్టిసీమ లాంచీ సారంగు బుల్లియ్య గారిదండి" అని ఆమె మొదలుపెట్టింది. మద్రాసు పెద్దాయన కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాడు. వెనక వరసలో చంద్రరావు మడమలెత్తి, మెడ చాచి విన్నాడు. పక్కన ఎవరో గుసగుసలాడితే "వినండయ్యా" అని కసిరాడు.

మొదటి బహుమతి కాకినాడ ఆయన నాణాలకు వచ్చింది. పాపాయమ్మకు రెండోది. తిరుగు ప్రయాణంలో చంద్రరావు సణుగుతూనే ఉన్నాడు.

"నాణాలకిస్తారా! నాణాలు నడుస్తాయా అంట?"

"పోనిద్దురూ" అంది ఆమె నవ్వాపుకుంటూ.

రావులపాలెంలో టీకి ఆగారు. పెట్టె డిక్కీలో పెడతానని డ్రైవరు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు. ఏంటనుకున్నావ్? మా ఆవిడ వాచీలవి" అన్నాడు చంద్రరావు, పెట్టెను ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంటూ.