ఇంద్రాణిగారి కుర్మా, పద్మనాభంగారి మొహమాటం

"ఏమండీ, ఇవాళ మాత్రం మీ మొహమాటాన్ని కార్లోనే వదిలేసి లోపలికి రండి. లేకపోతే మీకూ నాకూ చెడుతుంది" అంది జ్ఞానప్రసూన, సీట్ బెల్ట్ విప్పుకుంటూ.

పద్మనాభంగారు అద్దంలో క్రాపు సరిచూసుకుని, "నేనేం చేశానే?" అన్నారు.

ఏం చేశారో చెప్పుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అమెరికాలోని క్యారీ ఊరికి వచ్చి పాతికేళ్ళు దాటినా, ఆఫీస్‌లో పదిమందికి మేనేజరైనా, ఎవరైనా ప్లేటు చేతికిస్తే చాలు, "అబ్బే, వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాం" అనకపోతే ఆయనకి ఊపిరాడదు. పోయిన నెల ఇదే ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడూ అదే జరిగింది. కూతురు నిధి పెళ్ళి చేసుకోబోయే రవీన్ వాళ్ళిల్లు ఇది. వాళ్ళది గయానా. దక్షిణ అమెరికా ఒడ్డున ఉన్నా అది కరీబియన్ దేశాల్లోనే లెక్క. ఎప్పుడో ముత్తాతల కాలంలో మద్రాసులో ఓడెక్కి చెరుకుతోటల్లో పనికి వెళ్ళిన కుటుంబం. ఇంటిపేరు వీరసామి. భాష పోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఆ రోజు రవీన్ తల్లి ఇంద్రాణి బల్ల నిండా పిండివంటలు పరిచి, "తీసుకోండి" అంది. పద్మనాభంగారు అలవాటు ప్రకారం "వద్దండీ" అన్నారు. ప్రసూన కూడా తక్కువ తినలేదు, "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ మీకు శ్రమ" అంది. మన ఇళ్ళలో అయితే "అలా అంటే ఎలా? ఒక్కటైనా తినాలి" అని చేతిలో పెట్టేస్తారు. మనం ఇంకోసారి వద్దంటాం. మూడోసారికి, ఏదో వాళ్ళ మాట కాదనలేక అన్నట్టు తింటాం. ఇంద్రాణి మాత్రం "ఓకే" అని ప్లేట్లన్నీ లోపలికి తీసుకుపోయింది! పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా వెళ్ళిన మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంటికొచ్చి ఆవకాయ, పెరుగన్నం కలుపుకుని తింటూ, "రెండోసారి అడగాలని కూడా తెలీదా ఆవిడకి?" అని తెగ విసుక్కున్నారు.

వారం తిరక్కుండా నిధి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆంటీ బాగా హర్ట్ అయింది. వాళ్ళు మన ఇంట్లో తినరా, మనం తక్కువ అనుకుంటున్నారా అని రవీన్‌ని అడిగి ఏడ్చిందంట. నా టేబుల్ దగ్గర తినని వాళ్ళతో పెళ్ళి పందిట్లో ఎలా కూర్చోవాలి అంటోంది. ప్లీజ్ అమ్మా, ఫిక్స్ చెయ్యి."

ప్రసూనకి తల తీసేసినట్టయింది. తక్కువా? ఆకలితో కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే ఎవరైనా కులం, గోత్రం చూస్తారా? కానీ ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి?

అందుకని ఈ ఆదివారం మళ్ళీ వచ్చారు. పెళ్ళికొచ్చిన వాళ్ళకిచ్చే స్వీట్ డబ్బాల్లో ఏమేం పెట్టాలో రుచి చూసి తేల్చాలి. చేసేది ఇంద్రాణే, ఎంచాల్సింది వీళ్ళు. నిధి పొద్దున్నే ఆర్డర్ వేసింది. "ఫస్ట్ టైమ్ అడిగినప్పుడే యెస్ చెప్పండి నాన్నా. నో అంటే తీసేస్తారు." ఆ పిల్ల మాత్రం రవీన్‌తో కలిసి పెళ్ళి హాల్ చూడ్డానికి ఉడాయించింది. పెద్దవాళ్ళని పెద్దవాళ్ళ నెత్తిన పడేసి పోవడం ఈ కాలం పిల్లలకి బాగా తెలుసు.

తలుపు తీసిన ఇంద్రాణి మొహంలో నవ్వుంది గాని, కళ్ళు మాత్రం ఇద్దర్నీ అనుమానంగా చూస్తున్నాయి. బల్ల మీద ఈసారి ఇంకా ఎక్కువ రకాలున్నాయి.

"ఇది కసావా పోన్. కర్రపెండలం తురిమి, కొబ్బరి, మిరియాలు వేసి బేక్ చేశాను. గుడ్డు లేదు. తింటారా?"

"యెస్!" అన్నారు పద్మనాభంగారు, క్లాసులో పిల్లాడిలా.

"ఇవి చింతపండు ఉండలు?"

"యెస్!"

"గులాబీరంగువి కొబ్బరి మిఠాయి. ఇది సేమ్యా కేక్."

"యెస్, యెస్!"

అవతల పక్కగా పెట్టిన నల్లటి కేకు వైపు ఆవిడ చెయ్యి వెళ్ళగానే కూడా ఆయన "యెస్!" అనేశారు. ప్రసూన బల్ల కింద కాలు తొక్కింది.

"ఇది మీకు కాదు. మా వాళ్ళ కోసం. గుడ్లున్నాయి, నెలల తరబడి రమ్ములో నానిన పళ్ళున్నాయి" అంది ఇంద్రాణి. శుద్ధ శాకాహారి పద్మనాభంగారి చెవులు ఎర్రబడ్డాయి.

సరే, తిన్నారు. ఒక్కొక్కటీ తినగానే ఇంద్రాణి ఆత్రంగా మొహంలోకి చూసి, "ఎలా ఉంది?" అని అడగడం, ఆయన "సూపర్బ్ అండీ, ఫస్ట్ క్లాస్" అనడం. పోన్ సూపర్బ్, చింతపండు సూపర్బ్, కొబ్బరి సూపర్బ్. ఆయన నోట్లో మంచినీళ్ళు పోసినా సూపర్బే! ప్రసూనకి ఒళ్ళు మండిపోతోంది. పోనీ తనేమన్నా మేలా? గొంతుకి అడ్డంపడ్డ పోన్ ముక్కని నీళ్ళతో దింపుకుంటూ "వెరీ నైస్" అంది.

"అయితే ఇంకొకటి" అని ఇంద్రాణి మళ్ళీ వడ్డించింది.

"చాలండీ" అంది ప్రసూన.

"ఒక్కటి."

"నిజంగా చాలు."

"అలా అంటే ఎలా? తినాలి!" అని ఆవిడ పెద్ద ముక్క పడేసింది. ఆయన ప్లేట్లో రెండు. ఇదేమిట్రా భగవంతుడా! పోయిన నెల అడగకుండా చంపింది, ఈ నెల అడిగి చంపుతోంది. మింగలేరు, కక్కలేరు. పద్మనాభంగారు నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, ఆఖరి దాకా "సూపర్బ్" అంటూనే ఉన్నారు.

"డబ్బాల్లోకి ఏవి పెడదాం మరి?" అంది ఇంద్రాణి.

"మీ ఇష్టమండీ. మాకు ఏదైనా పర్లేదు" అన్నారాయన.

ఇంద్రాణి చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిధి చెప్పింది, మీ వాళ్ళు వద్దంటే కావాలని అర్థమట, మూడుసార్లు అడగాలట. అడిగాను. మీరేమో ఏది పెట్టినా ఒకటే మాట అంటున్నారు. నాకేం తెలుస్తుంది? పోయినసారి ముట్టుకోలేదు. ఈసారి మందు మింగినట్టు మింగుతున్నారు. నేను పనిచేసే హాస్పిటల్‌లో ఇండియా నుంచి వచ్చిన నర్సులకి ఒకసారి ఇవే పట్టుకెళ్ళాను. 'చాలా బాగుంది' అన్నారు. తర్వాత బ్రేక్ రూమ్ చెత్తబుట్టలో చూశాను వాటిని." ఆవిడ ప్లేటు పక్కకి జరిపింది. "మా అమ్మమ్మ వంటలివి. అక్కణ్ణుంచి వచ్చిన వాళ్ళు తిని నిజం చెప్తారని ఆశపడ్డాను. అంతే."

ఓసి నిధీ! మాకో పాఠం, ఆవిడకో పాఠం చెప్పి పోయావుటే! ప్రసూనకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పక్కన పద్మనాభంగారు "నో నో మేడమ్, నిజంగా సూపర్..." అని మొదలుపెట్టారు.

"మీరు నోరు మూసుకోండి కాసేపు" అంది తెలుగులో. అని, ఇంద్రాణి వైపు తిరిగింది. ఒకరింట్లో కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, బాగాలేదని మొహం మీద చెప్పడం ఆమె వంశంలో ఎవరూ చేసిన పని కాదు. ఇప్పుడు చెప్తే ఈ పెళ్ళి ఏమవుతుందో! చెప్పకపోతే ఏమవుతుందో ఎదురుగానే కనిపిస్తోంది.

"ఆ పోన్ నాకు నచ్చలేదు" అంది. "మిరియాలు బాగున్నాయి గాని, జిగురుగా గొంతుకి అడ్డంపడింది. సేమ్యా కేక్ తీపి ఎక్కువ, రెండో ముక్క తినలేను. కొబ్బరిది మేమూ చేస్తాం, మాదే బాగుంటుంది. చింతపండు ఉండలు బ్రహ్మాండం, ఆ ఉప్పూ కారం తగలగానే ప్రాణం లేచొచ్చింది. అదిగో, ఆ మూల గిన్నెలోవి ఏమిటి? అవి పెట్టలేదేం?"

ఇంద్రాణి కళ్ళార్పకుండా చూసింది. "అది కుర్మా. మామూలుది. డబ్బాల్లోకి పనికిరాదేమోనని."

"ఇటివ్వండి."

పేరు కుర్మా గాని కూర కాదు. వేలెడంత పిండి పుల్లలు వేయించి పాకం పట్టినవి. ప్రసూన ఒకటి కొరికింది. పాకం కరకరమని విరిగింది. అల్లం ఘాటు, వెనకాలే ఏలకులు. ఇంకొకటి నోట్లో వేసుకుంది. అడక్కుండా మూడోది కూడా తీసుకుంది.

"ఇవి మా బెల్లం గవ్వలే! మా అమ్మ చెక్కమీద నొక్కి చుట్టేది, మీరు చుట్టలేదు, అంతే తేడా. అల్లం మేము వెయ్యం, వెయ్యాల్సింది. డబ్బాల్లోకి ఇవీ, చింతపండు ఉండలూ. మిగతావి అక్కర్లేదు."

పద్మనాభంగారు భార్య ఏం చేసిందో అర్థంకాక పైకి చూస్తున్నారు. ఇంద్రాణి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ప్రసూన కుర్చీలోంచి సగం లేచింది. చేతులు తీస్తే తెలిసింది, నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"మా ఆయనకి కూడా పోన్ నచ్చదు. ముప్పై ఏళ్ళుగా తింటున్నాడు పాపం" అంది. "నేనూ ఒకటి చెప్పనా? మీరు నిధితో పంపిన ఆ ఉండలు..."

"సున్నుండలు!"

"అవి చాలా బాగున్నాయని మెసేజ్ పెట్టానా? అబద్ధం. ఎండు పిండి మింగినట్టుంది. రవీన్‌కి పొలమారింది."

క్యారీ తెలుగువాళ్ళందరూ లొట్టలేసుకుని తినే సున్నుండలు! ప్రసూనకి చర్రుమంది. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుంది. ఆ వారం నెయ్యి చాలక సరిపెట్టిన సంగతి ఆమెకి తెలుసు. ఆ మాట ధైర్యంగా చెప్పినవాళ్ళు మాత్రం ఇన్నాళ్ళలో ఈవిడొక్కతే.

"ఈసారి నెయ్యి ఎక్కువేసి చేస్తాను. నచ్చకపోతే మళ్ళీ చెప్పండి, వదినగారూ."

"అంటే?"

"వియ్యపురాలిని మేం అలా పిలుస్తాం."

ఇంద్రాణి ఆ మాటని పెదాలతో ఒకసారి అనుకుని చూసింది. తర్వాత సేమ్యా కేక్ ముక్క తీసి ప్రసూన ప్లేటు దాకా తెచ్చింది.

"చాలు" అంది ప్రసూన.

ఇంద్రాణి చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. ముక్కని వెనక్కి పెట్టేసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ప్రసూన జన్మలో చెయ్యని పని చేసింది. "ఆ కుర్మా కొంచెం కట్టివ్వండి వదినగారూ, ఇంటికి పట్టుకెళ్తాను" అని అడిగింది. ఇంద్రాణి రెండు డబ్బాలు నింపుకొచ్చింది, ఒకటి ఆమెకి, ఒకటి ఆయనకి.

"అబ్బే, నాకు వద్దండీ, మీకెందుకు శ్రమ" అన్నారు పద్మనాభంగారు.

"ఓకే" అని ఇంద్రాణి ఆయన డబ్బా లోపల పెట్టేసింది.

కారు రోడ్డెక్కింది. ఒడిలో డబ్బా పెట్టుకుని ప్రసూన ఒకటి తీసి కరకరలాడించింది. ఆయన రోడ్డు వైపు చూసి, డబ్బా వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశారు. సిగ్నల్ దగ్గర కారాగింది.

"ప్రసూనా."

"ఊఁ."

"నాకూ కావాలే. ఒకటి ఇవ్వవూ?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ప్రసూన డబ్బా మొత్తం ఆయన ముందు పెట్టింది.