పేడ ముందు, పాలు తర్వాత

చలికాలం రాగానే పెద్దకోడలి చేతులు ఆమె మాట వినవు. వేళ్ళు కొసల నుంచి రెండో కణుపు దాకా సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. గిల్లినా తెలియదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు అది చూసి, "ఇవేం చేతులే తల్లీ, ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్నట్టున్నాయి" అంది. అప్పటి నుంచి ఇంట్లో వాటికి ఎరువు చేతులనే పేరు ఖాయమైపోయింది.

ఇన్నేళ్ళూ ఆ చేతులతోనే నెట్టుకొచ్చింది. ముసలి ఆవులు రెండూ ఓర్చుకునేవి. చిక్కల్లా ఈ ఏడాది చెవులదానితో వచ్చింది.

చెవులదంటే నల్ల చెవుల పెయ్య. అది పుట్టిన మర్నాడే తల్లి చచ్చిపోతే, పెద్దకోడలే పాలల్లో వేళ్ళు ముంచి చీకించి పెంచింది. ఇప్పుడది తొలిచూలు ఈనింది. ఈనడమూ సరిగ్గా ఎముకలు కొరికే చలిలో ఈనింది. తెల్లవారుజామున పెద్దకోడలు చన్ను మీద చెయ్యి వేస్తే చాలు, దాని ఒళ్ళంతా జలదరించేది. వీపు విల్లులా వంగేది. పొదుగులోకి దిగబోయిన పాలు అక్కడికక్కడే బిగబట్టేసేది. బకెట్టు అడుగు కూడా తడిసేది కాదు. ఇంకాస్త లాగితే కాలు లేచేది, బకెట్టు వెళ్ళి గోడకి తగిలేది.

"వదినా, నేను కూర్చోనా?" అన్నాడు మరిది. తన చేతులు ఎప్పుడూ కుంపట్లలా ఉంటాయని అతను నలుగురికీ చెప్పుకుంటాడు. కూర్చున్నాడు. చెవులది అతన్ని నిమిషం కూడా కూర్చోనివ్వలేదు. మోకాలు పట్టుకుని కుంటుకుంటూ బయటికొచ్చి, "నీ పెంపకం వదినా, నీ పెంపకం" అన్నాడు.

అత్తగారు మామూలుగా మొదలుపెడితే ఆపదు. ఆ రోజు మాత్రం తక్కువలో తేల్చేసింది. "పాలు తీయకపోతే పొదుగు గడ్డకడుతుంది. ఆదివారం మా తమ్ముడు బండి తెచ్చి దీన్ని తీసుకెళ్తాడు. వాళ్ళింట్లో పాలు తీసే మిషనుంది. దానికి చలేయదు."

పెద్దకోడలు బకెట్టుకి పడిన సొట్టని లోపలి నుంచి రాయితో కొట్టి సరిచేసింది. ఆదివారం లోగా ఈ చేతులు దారికి రావాల్సిందే అనుకుంది.

మర్నాడు వేడివేడి నీళ్ళలో చేతులు ఎర్రబడే దాకా ముంచింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తడి చేతులతోనే వాకిలి దాటింది. గాలి ఒక్క విసురు విసిరింది. కొట్టం చేరేసరికి వేళ్ళు మునుపటికంటే తెల్లగా, కొయ్యముక్కల్లా ఉన్నాయి. చెవులది తల తిప్పి చూసి బుస్సుమంది.

ఆ తర్వాత చేసిన పని తలచుకుంటే ఆమెకి ఇప్పటికీ ముఖం కందిపోతుంది. గూట్లో అత్తగారి మోకాళ్ళ మందు సీసా ఉంటుంది, రాస్తే భగ్గుమనే రకం. అది వేళ్ళకీ అరచేతులకీ బాగా పట్టించింది. నిజంగానే చేతులు రాజుకున్నాయి. దూడని విడిచి, అది ఒక చన్ను చీకుతుంటే తను ఇంకోటి అందుకుంది. దూడ మొహం చూసి చెవులది కాస్త చేపింది. చెంబెడు పాలొచ్చాయి! పెద్దకోడలికి కాలు నేల మీద నిలవలేదు. ఆ పాలు మిగతా ఆవుల పాలతో కలిపి క్యానులో పోసి, పాలకేంద్రానికి మోసుకెళ్ళింది.

కేంద్రంలో పాలు వాసన చూసి పట్టుకునే ఆయన్ని అందరూ ముక్కాయన అంటారు. క్యాను మూత తీసి ముక్కు లోపల పెట్టాడు. పెట్టినంత వేగంగా వెనక్కి తీశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, వీటిని తాగాలా, నుదుటికి రాసుకోవాలా?"

వరసలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. "నాకో గ్లాసు పొయ్యవయ్యా, జలుబు చేసింది" అన్నారెవరో వెనక నుంచి.

క్యాను క్యానంతా వెనక్కి మోసుకొచ్చింది. నవ్వులు ఆమెకేమీ అంటలేదు. ఇంటికొచ్చాక చూసింది. చెవులది కాళ్ళు మార్చి మార్చి తొక్కుతోంది, దూడని దగ్గరికి రానివ్వడం లేదు. మందు చన్నులకంటి మండుతోంది. అప్పుడొచ్చింది ఏడుపు. వెన్న రాసి తుడిచి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మళ్ళీ వెన్న రాసి, మంట తగ్గేదాకా దాని పక్కనే నిలబడింది. "నా మందుతో ఊరందరి మోకాళ్ళూ బాగుచేద్దామనుకున్నావా?" అని అత్తగారు వంటింట్లోంచి కేకలేస్తూనే ఉంది.

శనివారం పొద్దున కూడా చెవులది పాలివ్వలేదు. పెద్దకోడలు పళ్ళు బిగించి పార అందుకుంది. ఆ ఇంట్లో పద్ధతి అది: పాలు ముందు, పేడ తర్వాత. అత్తగారి అత్తగారి నాటి నుంచీ అంతే. పాలు శుభ్రమైన పని, పేడ మురికి పని. కోపమంతా పార మీద చూపిస్తూ కొట్టం ఊడ్చిపారేసింది. చివరి తట్ట దిబ్బ మీద గుమ్మరించి, మెడ మీది చెమట తుడుచుకోబోయింది.

చెయ్యి వెచ్చగా తగిలింది.

అలాగే నిలబడిపోయింది. అరచెయ్యి తిప్పి చూసింది. ఎర్రగా ఉంది. వేళ్ళ కొసల్లో చీమలు పాకుతున్నట్టుంది. ఈ చేతులు రోజూ ఈ వేళకి ఇలాగే వెచ్చబడతాయి, పాల పని చెడిపోయాక. ఇన్నాళ్ళూ చేతులకి చేతుల దగ్గరే వైద్యం చేస్తూ వచ్చింది. వేడి పుట్టాల్సింది ఒంట్లో.

సాయంత్రం అత్తగారి దగ్గరికెళ్ళింది. "అత్తయ్యా, రేపు పేడ ముందు."

"పేడ చేతులతో పాలు పిండుతావా?"

"కడుక్కుంటాను."

"కేంద్రం నుంచి పాల వ్యాను వెళ్ళిపోతుంది."

"దానికంటే ముందు లేస్తాను."

"ఈ మొండితనం ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఇక్కడే అత్తయ్యా."

ఆదివారం ఇంకా చీకటుండగానే లేచింది. లారీ మీద వెళ్ళిన మొగుడి పాత స్వెటరు తొడుక్కుని, దాని చేతులు మణికట్టు కిందికి లాక్కుంది. చెవులు మూసి తలకి గుడ్డ కట్టింది. పేడ ఎత్తింది. గడ్డి మోపులు మోసింది. మోసిన మోపే అటు నుంచి ఇటు మార్చింది. అలికిడికి మరిది లేచొచ్చాడు.

"ఇటివ్వు వదినా, నేను మోస్తాను."

"ముట్టుకున్నావంటే చూడు. ఆ వేడి నాది."

ఒళ్ళు ఆవిర్లు కక్కుతుండగా, కొట్టంలోనే గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడుక్కుంది. పొడిగుడ్డతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది. చెవులదాని డొక్కకి నుదురు ఆనించి కూర్చుంది. చన్నులు ముట్టుకోలేదు. తొడకీ పొదుగుకీ మధ్య, ఆవు ఒంట్లో అన్నిటికంటే వెచ్చని చోట, రెండు చేతులూ దూర్చి ఊరుకుంది. ఆవు కాలు కదిపింది. ఆమె కదల్లేదు. బయట బండి ఆగిన చప్పుడైంది. అప్పుడూ కదల్లేదు.

కాసేపటికి ఆ వీపు మెల్లగా సడలింది. చెవులది నెమరు మొదలుపెట్టింది. పెద్దకోడలు చేతులు మెల్లగా కిందికి జార్చింది. మొదటి ధార బకెట్టు అడుగున చుయ్‌మంది. ఆ మీద ఇంకోటి. చప్పుడు రానురాను నురుగులో మెత్తబడింది.

గుమ్మంలో అత్తగారు పలుపుతాడు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపైందో. వెనకే తమ్ముడు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "అక్కా, ఆవేదీ? ఇంజను ఆపకుండా వచ్చాను."

"ఏ ఆవురా? చలిలో వచ్చావు, లోపలికెళ్ళి టీ తాగు." అత్తగారు తాడు మేకుకి తగిలించింది. కొట్టమంతా ఒకసారి కలియజూసింది. "ఆ మూల పేడ అలాగే వదిలేశావేం?"

"రేపటి వేడికి, అత్తయ్యా."

మర్నాడు చలి ఇంకా ముదిరింది. వేళ్ళు మళ్ళీ రెండో కణుపు దాకా తెల్లబడ్డాయి. పార పిడి పట్టుకుందో లేదో చేతికి తెలియలేదు. కంటితో చూసి పట్టుకుంది. ఆ మూల నుంచే మొదలుపెట్టింది.