రేటు తిరిగిన రోజు

వంతెన సగం దాటాక గానీ తన వెంట ఎవరూ రావడం లేదని బాసిలియా గమనించలేదు. తల వంచుకుని నడవడం ఆమెకి అలవాటు. వీపు మీద మూట లేకపోయినా ఆ మెడ పైకి లేవదు. ఎడమ బుగ్గన అలుపు తెలియకుండా నమిలే కోకా ఆకుల ముద్ద, కాళ్ళకి టైరు చెప్పులు, నడుముకి చుట్టిన మోతగుడ్డ, పైన ముప్పై ఏడో నంబరు నీలం కూలీ చొక్కా. కింద ఏట్లో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ. కొండగాలి దుమ్ము తెచ్చి మొహాన కొడుతోంది.

ఇటు ఒడ్డు విల్యాసోన్, బొలీవియా. అటు ఒడ్డు లా కియాకా, అర్జెంటీనా. లారీలో వెళ్ళే సరుక్కి సుంకం ఉంది, మనిషి వీపు మీద వెళ్ళే సరుక్కి లేదు. ఆ ఒక్క సందులోనే బాసిలియా బతుకంతా గడిచింది. అర్జెంటీనా పెసో పడిపోయిన ఈ రెండేళ్ళూ పిండి, నూనె అటు ఒడ్డున కారుచౌక. రోజూ పొద్దున్నే అటు వెళ్ళి మూట ఎత్తుకుని ఇటు రావడమే పని. ఇవాళా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

అవతల గోదాముకి తాళం వేసి ఉంది. గుమ్మంలో కుక్క పడుకుని ఉంది. నేనే ముందొచ్చానేమో అనుకుని బాసిలియా గోడకి చేరగిలబడి కూచుంది. ఎండ ఆ గోడ మీదికి పాకేదాకా అలాగే కూచుంది.

"ఎవరికోసం అవ్వా?" అన్నాడు గేటు దగ్గరి జవాను. "పెసో లేచి కూచుంది. మావాళ్ళే మీ ఊరొచ్చి కొంటున్నారు. మూటలన్నీ అట్నుంచి ఇటు వస్తున్నాయి. నీకెవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? వారం రోజులు ఆయాసంతో మంచం పట్టింది. సరిగ్గా ఆ వారంలోనే రేటు తిరగబడింది.

పొద్దు వృథా పోయిందన్న బాధ కాదు ఆమెది. వారం దాటి పనిలోకి రానివాళ్ళ నంబరు తీసేసి, కాచుకుని ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇవాళ్టితో ఆ గడువు సరి. నంబరు ఇంట్లోవాళ్ళకి ఇచ్చుకోవాలన్నా ఇచ్చే రోజున మూడు మూటలు మోసి చూపించాలి. మోయగలిగినవాళ్ళదే నంబరు, ఇచ్చే హక్కూ వాళ్ళదే. కూలీలు తమకి తాము పెట్టుకున్న కట్టుబాటు అది. కూతురు నీల్దా అటువైపు టమాటా తోటల్లో పని పోయి, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయిన నెలే ఇల్లు చేరింది. ఆ పిల్లకి బాసిలియా ఇవ్వగలిగింది ఈ ముప్పై ఏడు ఒక్కటే.

రొప్పుతూ వెనక్కి వచ్చేసరికి వంతెన మొదట్లో ఎర్మీనియా నవ్వుతూ కనిపించింది. డబ్బు మార్చే ఆవిడ, చిన్నప్పట్నించీ ఎరిగున్న మనిషి. చిన్న బల్ల, రెండు పీటలు, సుద్దతో రేటు రాసిన నల్లబోర్డు, అదే ఆవిడ దుకాణం.

"ఏం వదినా, పొద్దున్నే అర్జెంటీనా షికారా?"

"నా ఏడుపు నేనేడుస్తుంటే నీకు వేళాకోళంగా ఉందే! రేటు తిరిగిందని ఒక్క కబురంపితే నీ సొమ్మేం పోయేది?"

"పోయావనుకున్నాను. నీ సమాధి దగ్గర వెలిగించడానికి కొవ్వొత్తి కూడా బేరమాడి వచ్చా."

"నేను పోతే నీ మొహం ఎవరు చూస్తారు గానీ, ఓ గ్లాసు ఏపీ ఇటు పొయ్యి."

ఊదా మొక్కజొన్న కాచిన ఆ వేడి ఏపీ నాలుగు గుక్కలు తాగి బాసిలియా లేచింది. ఎర్మీనియా ఇంక నవ్వలేదు. వదిన పెదాలు కూడా ఏపీ రంగులోనే ఉన్నాయి.

బాసిలియా మోసిన మొదటి బరువు డబ్బే. అప్పుడామె పరికిణీ పిల్ల. బొలీవియా నోటుకి విలువ లేకుండా పోయి, రొట్టె కొనాలన్నా నోట్ల కట్టలు కావాల్సి వచ్చిన రోజులు. ఎర్మీనియా తల్లి ఆ కట్టల్ని గోనెసంచిలో కుక్కి ఈ పిల్ల వీపుకి ఎత్తేది. తర్వాత ఒక్క పెసోకి అయిదు బొలీవియానోలు వచ్చిన కాలం ఒకటి నడిచింది. మొగుడు అప్పుడే బ్వేనోస్ ఐరేస్ వెళ్ళాడు, సంపాదించుకొస్తానని. పెసో కుప్పకూలింది. ఒట్టి చేతులతో రావడానికి మొహం చెల్లలేదో ఏమో, మనిషి మళ్ళీ కనిపించలేదు. ఇప్పుడు ఒక్క బొలీవియానోకి పెసోలు పదుల్లో వస్తాయి. ఎక్కడో పట్నాల్లో పెద్దలు కాగితాల మీద ఏదో గీస్తారు, ఇక్కడ బాసిలియా నడుము అటో ఇటో తిరుగుతుంది. ఆమె ఎన్నడూ రేటు ఎంత అని అడగలేదు. రోజూ అడిగేది ఒక్కటే, "అటా, ఇటా?"

మొదటి మూట దుప్పట్లు. వంతెన మీద కూలీలందరూ వరసగా చిన్న పరుగులో వెళతారు. ఆమె ఓ పక్కకి తప్పుకుని దారిచ్చింది. "పక్కకి, అవ్వా, పక్కకి!" అంటూ వెనకవాళ్ళు దాటిపోయారు. అవతల దింపి వచ్చాక మేస్త్రీ కసిమీరో ఆమె చొక్కా వీపు మీద ఓ సుద్దగీత గీశాడు. మూటకో గీత. సాయంత్రం లెక్క తేలాక, మర్నాడు పొద్దున దులిపేస్తారు.

రెండో మూట చెప్పులు. ఈసారి వంతెన మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగాల్సి వచ్చింది. గుండెల్లో ఎవరో కూచుని గుడ్డ పిండుతున్నట్టుంది. ఒడ్డున నీల్దా నిలబడి చూస్తోంది. పరుగెత్తుకొచ్చి మూట అందుకోబోయింది.

"ముట్టుకోకు. నువ్వు ముట్టుకుంటే గీత పడదు."

"వద్దమ్మా, చాల్లే. పోతే పోయింది నంబరు."

"పోతే నీ పిల్లలకి ఏం పెడతావే? తప్పుకో."

మూడో మూటకి ఆమె వంగేసరికి కసిమీరో ముందున్న మూట పక్కకి నెట్టి ఇంకోటి ఎత్తించాడు. వీపు మీద పడగానే తెలిసిపోయింది, ఉన్ని టోపీలు. చంటిపిల్లంత బరువు కూడా లేదు. పాత బాసిలియా అయితే "నన్ను ముసలిదాన్ని చేస్తావట్రా?" అని దులిపేసేది. ఆ రోజు మాత్రం మోతగుడ్డ ముడి బిగించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడింది, ఆ సిగ్గుతోనే వంతెన దాటింది.

తిరిగొచ్చాక మూడో గీత పడింది. బాసిలియా చొక్కా విప్పి నీల్దా చేతిలో పెట్టింది. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా కసిమీరో, "ముప్పై ఏడు, నీల్దా," అని గట్టిగా పిలిచాడు. అంతే, పని అయిపోయింది.

"పిల్లలకి ఆకలేస్తూ ఉంటుంది, నువ్వు పద. నేను కాసేపు కూచుని వస్తా," అంది బాసిలియా. నీల్దా చొక్కా ఎర్మీనియా బల్ల మీద పెట్టి, పొద్దున్నే తీసుకుంటానని ఇంటికి వెళ్ళింది.

బాసిలియా పీట మీద కూచుని గోడకి తల ఆనించింది. ఎన్నాళ్ళకో మెడ పైకెత్తి ఆకాశం చూసింది. వీధిలో దుకాణాలు మూస్తున్నారు.

"రేపు అటా, ఇటా?" అని అడిగింది.

ఎర్మీనియా పెసోల కట్టకి రబ్బరుబ్యాండు వేస్తూ, "ఎవడికి తెలుసు వదినా? తెల్లారితే గదా. అయినా ఇంక నీకెందుకే ఆ గోల?" అంది. మళ్ళీ ఏదో అని ఉడికించబోయి తిరిగి చూసింది. బుగ్గనున్న కోకా ముద్ద పెదాల చివరికి జారి ఉంది.

చనిపోయినవాళ్ళ వస్తువులు సమాధయ్యేదాకా ఎవరూ వాడరు. నీల్దా ఇంట్లో దుఃఖం ముగిసేదాకా ఎర్మీనియా ఆ చొక్కాని బల్ల పక్కన ఖాళీ పీట మీద పెట్టి ఉంచింది. ఆ లోపల బోర్డు మీద రేటు రెండుసార్లు తుడిచి రాసింది. పీట మీద నీలం చొక్కా బోర్లా పడి ఉంది, వీపున మూడు సుద్దగీతలతో.