గుర్రం పడే చోటు

దొరస్వామి చాప మీద కూర్చుని ఒక ముసలామె ముంజేతికి గుడ్డ చుడుతున్నాడు. ఒక చుట్టు, దాని మీద పసరు కలిపిన తెల్లసొన, మళ్ళీ ఒక చుట్టు. చివరికి చుట్టూ వెదురు బద్దలు పెట్టి బిగించాడు. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఆ ఇంట్లో అతని పని అదే. ఎముక సర్దేది పెద్దాయన, చుట్టేది దొరస్వామి. నయమైనవాళ్ళు పెద్దాయనకు దణ్ణం పెట్టి పోతారు. దురద పుట్టినవాళ్ళు దొరస్వామిని తిడతారు.

"ఏం బిగించినావప్పా, పానం పోతుండాది."

"పానం పోయేవాళ్ళు ఇంత గట్టిగా అరవరులేమ్మా."

అంతలో జేబులో ఫోను మోగింది. భార్య నాగరత్నమ్మ.

"బావకు ఆయాసం జాస్తయింది, నువ్వు రాయ్యా. తిరుపతి ఆసుపత్రికి పోదామని ఏబెల్‌ను ఆటో తెమ్మన్నా. ఈయనేమో సినిమా అయినాక అంటాడు."

"ఏం సినిమా?"

"ఇంకేం సినిమా? అదే!"

దొరస్వామి చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా బయలుదేరాడు. వేళ్ళ మీద తెల్లసొన దారిలోనే ఎండి బిర్రబిగుసుకుంది.

ఇంట్లో అన్న చిన్నబ్బ గోడకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. భుజాలు ఇప్పటికీ తలుపంత వెడల్పు. నడుము కింద మాత్రం కాళ్ళు కందికట్టెల్లా ఎండి, పంచెలో ఎక్కడున్నాయో తెలియదు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది.

ఒకప్పుడు మద్రాసులో ఫైటరు. అతని మొహం ఏ తెర మీదా కనపడలేదు. ఎందరో హీరోలకు అతని వీపు సరిపోయింది, అంతే. చివరి సినిమా, ఇప్పుడు ఎదురుగా టీవీలో వస్తున్న ఈ పాలెగాళ్ళ యుద్ధం కథ. నగరి అవతలి కొండల్లో తీశారు. హీరో బదులు గుర్రమెక్కి దౌడు తీస్తూ చిన్నబ్బ పడ్డాడు. తుంటి నుజ్జయింది. ఆ విరుపు పుత్తూరు కట్టుకూ లొంగలేదు, మద్రాసు కత్తికీ లొంగలేదు. పడిన ముక్కను మాత్రం సినిమాలో అట్లాగే ఉంచుకున్నారు. హీరోనే పడ్డాడనుకుని జనం ఈలలు వేశారట; అన్నదమ్ములిద్దరూ అప్పుడు ఆసుపత్రిలోనే ఉన్నారు. సినిమాకు ఢిల్లీలో అవార్డు వచ్చింది.

ఆ రోజు దొరస్వామి కూడా అక్కడే ఉన్నాడు. అన్న గుర్రమెక్కడం చూడాలని పోతే, తలకు పెద్ద ఇనుప టోపీ పెట్టి, రంగు పూసి, శవాల వరుసలో బోర్లా పడుకోబెట్టారు. దబ్బుమన్న చప్పుడు వినపడితే తల ఎత్తాడు. అన్న దుమ్ములో ఉన్నాడు. అతనికి గుర్తున్నది అంతే. అలవాటు లేని గుర్రాన్ని ఇచ్చి ఫైటు మాస్టరు అన్నను పాడు చేశాడని అప్పటినుంచి కనపడిన ప్రతి మనిషికీ చెబుతూనే ఉన్నాడు. సినిమాను మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారని, రేపు ఒక చానల్ అబ్బాయి అన్నతో మాట్లాడటానికి వస్తున్నాడు.

"రేపు మాస్టరు పేరు నువ్వు చెప్పాల. నువ్వు చెప్పకుంటే నేనే చెప్తా."

"గుర్రం మంచిదిరా. మాస్టరూ మంచోడే."

"మరి తప్పెవురిది?"

చిన్నబ్బ టీవీ శబ్దం పెంచాడు.

దొరస్వామి వంటింట్లోకి పోయి చెంబు నిండా నీళ్ళు తెచ్చి మంచం పక్క స్టూలు మీద ఠక్కున పెట్టాడు. ఈ సినిమా ఎన్నిసార్లు వచ్చినా, గుర్రం పడే చోటికి సరిగ్గా అన్నకు దాహం వేస్తుంది. దొరస్వామి లేచి నీళ్ళు తెచ్చేసరికి ఆ ముక్క అయిపోతుంది. తమ్ముడి ముందర పడటానికి సిగ్గేమోలే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఇప్పుడు రేపటి కోసం కళ్ళారా చూడాలి.

"ఈ పొద్దు నన్ను లేపొద్దు. నీళ్ళు ఈడనే పెట్టినా."

చిన్నబ్బ చెంబు వైపు చూశాడు. "కుండలోవి అయితే సల్లగుంటాయి."

"ఇవీ కుండలోవే."

వాకిట్లో ఆటో ఆగింది. ఏబెల్ తల లోపలికి పెట్టాడు. "రైలు గేటు పడితే ఆడనే తెల్లారతాదన్నా. ఇంజను ఆపేదా, ఉంచేదా?"

"ఆపు. పాలెగాడు సావాల గదా" అన్నాడు దొరస్వామి కడుపుమంటతో. "సూడప్పా, మన సీమ పాలెగాడి నాయన గోదారి యాసలో ఏడుస్తా ఉండాడు. రొమ్ములో బాణం దిగినాక ఇంత ఉపన్యాసం. దీనికి అవార్డు!"

"అది వదిలెయ్" అన్నాడు చిన్నబ్బ ఆయాసపడుతూ. "రెండు చేతులా కళ్ళెం పట్టుకున్నాడే, కత్తి ఏ చేత్తో దూస్తాడు? అదో, వాడు దెబ్బ తగలకముందే పడినాడు. తొందర నాయాలు."

ఏబెల్ నవ్వాడు. "ఇంకో తమాషా ఉండాదంటన్నా. మా పిల్లోళ్ళు ఫోన్లో సూసి ఒకటే నగువు. సచ్చినోడొకడు తల ఎత్తి సూస్తాడంట."

"గమ్మునుండు ఏబెలూ!" చిన్నబ్బ అరిచాడు. అరుపు దగ్గులోకి దిగింది.

"అట్టాంటోణ్ణి తన్నాల" అన్నాడు దొరస్వామి తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

ఏబెల్ ఆటో దగ్గరికి పోయాడు. ప్రకటనలు వచ్చాయి, పోయాయి. డప్పులు మొదలయ్యాయి. చిన్నబ్బ చెయ్యి రిమోటు కోసం దుప్పటి మీద వెతికింది. దొరస్వామి దాన్ని తన వైపు లాక్కున్నాడు.

"నీళ్ళు తేప్పా దొరా."

"పక్కనే ఉండాయి. తాగు."

"దొరా... నీళ్ళు..."

"తాగన్నా, ఈడనే ఉండాయి గదా!"

దుమ్ములోంచి గుర్రం వచ్చింది. దాని మీద అన్న వీపు. దారి పక్కన శవాలు. ఆ శవాల్లో ఒక ఇనుప టోపీ కదిలింది. టోపీ కింద నుంచి ఒక మొహం లేచింది. జాతరలో పులివేషం చూసేవాడిలా పళ్ళన్నీ బయటపెట్టి, గర్వంగా గుర్రానికి ఎదురుగా మెడ చాచింది. గిట్టలు నేరుగా దాని మీదికే వస్తున్నాయి. పైనున్న చెయ్యి కళ్ళాన్ని ఒక పక్కకు గుంజింది. గుర్రం మెడ మెలితిరిగింది. కాళ్ళు మడిచింది.

దబ్బుమని చప్పుడు ఆ తరువాత వచ్చింది.

దొరస్వామి రిమోటుతో వెనక్కి తిప్పబోయాడు. అది వెనక్కి తిరిగే టీవీ కాదు. అవసరమూ లేదు. ఆ మొహం తనది.

"అన్నా" అన్నాడు తెరనే చూస్తూ. "నన్ను తప్పించబోయి..."

మంచం వైపు తిరిగాడు. గొంతు కింద గుంట పడటం ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. చిన్నబ్బ తల గోడ వైపు ఒరిగి ఉంది. కళ్ళు సగం మూసుకున్నాయి. కుడి చెయ్యి మంచం పట్టె మీదుగా స్టూలు వైపు చాచి ఉంది.

వాకిట్లోంచి ఏబెల్ కేకేశాడు. "పాలెగాడు సచ్చినాడా అన్నా? పోదామా?"

లోపలి నుంచి నాగరత్నమ్మ పరుగున వచ్చి, మంచం వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెర మీద జనం ఎవరి పేరో జేజేలు కొడుతున్నారు. స్టూలు మీద చెంబులో నీళ్ళు అంచు దాకా అట్లాగే ఉన్నాయి. డప్పులు మోగినప్పుడల్లా సన్నగా వణుకుతున్నాయి.