బంగారంలాంటి ఇల్లు

సోఫాల వదినకి ఎదుటివాళ్ళ వస్తువుల్ని మెచ్చుకోకుండా ఉండడం చేతకాదు. అది పుట్టుకతో వచ్చిన గుణమో, ఫర్నిచర్ షోరూమ్‌లో ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగం అంటించిన జబ్బో చెప్పలేం. కొనడానికి వచ్చినాయన ఏ సోఫా మీద కూర్చున్నా "అబ్బ, మీ కోసమే చేసినట్టుందండీ!" అనేది. ఆయన లేచి పక్కదాని మీద కూర్చుంటే, అదీ ఆయన కోసమే చేసినట్టుండేది. వీధి వీధంతా ఆవిణ్ణి సోఫాల వదిన అనే పిలిచేవారు. షోరూమ్ మూతపడి అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వచ్చాక కూడా ఆ పేరు పోలేదు.

ఉద్యోగం పోయాక నాలుగు కొట్లు తిరిగింది. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి, ఇంకా చిన్నవయసు వాళ్ళు కావాలని చెప్పి పంపించారు. అప్పుడే ఆవిడ చూపు బావగారి మీద పడింది.

బావగారంటే ఆవిడ భర్తకి అన్నగారు. ఆయన వాల్యుయర్. అంటే, ఎవరైనా ఇంటి మీద అప్పు అడిగితే ఆ ఇల్లు చూసి రమ్మని బ్యాంకు వాళ్ళు ఈయన్ని పంపుతారు. ఈయన వెళ్ళి గోడలు కొలిచి, కప్పు చూసి, చుట్టుపక్కల అలాంటి ఇళ్ళు ఈమధ్య ఎంతకి అమ్ముడుపోయాయో కనుక్కుని, ఇది ఇంత చేస్తుందని రాసిస్తారు. ఇంటాయన ఆశపడినంతా రాయరు, బ్యాంకు కోరుకున్నంతా రాయరు. అందుకే ఆయన్ని మనస్ఫూర్తిగా భోజనానికి పిలిచినవాళ్ళు తక్కువ. దానికి తోడు మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటారు. తమ్ముడి పెళ్ళిలో ఆయన అన్న మొత్తం మాటలు "ఫ్యాన్ వెయ్యండి" అని ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

"మా అన్నయ్య దగ్గర శిష్యరికమా? నువ్వు ఒక్కపూట మాట్లాడేది ఆయన ఏడాదికి సరిపెట్టుకుంటాడే!" అన్నాడు భర్త.

"నన్ను ముందు చదువుకోనీ, తర్వాత నవ్వుదువుగాని" అంది వదిన.

చదువంటే మాటలు కాదు. సాయంత్రాలు పళ్ళ డాక్టరు క్లినిక్ పైగదిలో క్లాసులు. కింద డ్రిల్లు గుర్రుమంటుంటే పైన మేష్టారు పునాదుల గురించి, కప్పుల గురించి, విలువ కట్టే పద్ధతుల గురించి పాఠం చెప్పేవారు. అన్నిటికంటే ఎక్కువగా చెప్పింది ఎటూ మొగ్గకుండా ఉండడం గురించి. అంకె ముందే మనసులో పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళకూడదు. మనకి లాభమున్న ఇంటి జోలికి పోకూడదు. వదిన పుస్తకం ముందు కూర్చుని చాలా ఏళ్ళయింది. మొదట్లో తల ప్రాణం తోకకొచ్చింది. పేజీ తిప్పేసరికి వెనకపేజీ మరిచిపోయేది. అయినా వదల్లేదు. కూర తరుగుతూ పైకి చదివేది, బస్సులో లోపల్లోపల వల్లెవేసేది. క్లాసుల పరీక్ష గట్టెక్కింది. పోలీసుల నుంచి ఏ కేసులూ లేవన్న కాగితం తెచ్చుకుంది. వాల్యుయర్లకి లైసెన్సులిచ్చే బోర్డులో ట్రైనీగా పేరు నమోదు చేయించుకుంది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ట్రైనీ ఒక్కత్తే పనిచెయ్యడానికి లేదు. లైసెన్సున్న పెద్దమనిషి ఎవరైనా పక్కనుండి పని నేర్పాలి. బోర్డు చెప్పినంత పని పూర్తయ్యాక, ఈవిడ ఒంటరిగా చెయ్యగలదని ఆయన సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటేనే చివరి పరీక్షకి కూర్చోనిస్తారు. అది పాసైతేనే లైసెన్సు. ఇంతా చేసి, ట్రైనీ తప్పు చేస్తే అది నేర్పినవాళ్ళ నెత్తికి చుట్టుకుంటుంది. ఇక ట్రైనీని పెట్టుకోవడానికి ఎవరికి పట్టింది? వదిన అడిగిన వాల్యుయర్లలో ఒకాయన నీళ్ళు నమిలాడు, ఒకావిడ ఫోనే పెట్టేసింది.

బావగారు మాత్రం విషయమంతా విని, "రేపు బూట్లేసుకుని రా. చెప్పులొద్దు" అన్నారు. ఈ ఏడాదితో పని మానేస్తానని ఆయన అప్పటికే ఇంట్లో చెప్పేశారు. ఆయన మానేసేలోగా సంతకం పడకపోతే వదిన పని మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి పెట్టుకునే నాథుడుండడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పని నేర్చుకోవడంలో వదిన చురుకే. టేపు చివర గోడకి ఆనించి పట్టుకోవడం, అటకలెక్కడం, నేలమాళిగల్లోకి దిగడం, తడి వాసన పసికట్టడం అన్నీ పట్టుబడ్డాయి. నిటారుగా నిలబడడానికి వీల్లేని చోటు ఇంటి కొలతలో కలపకూడదని తెలుసుకుంది. కిటికీ లేని గదిని, మంచం వేసి ఉన్నా సరే, పడకగది అని రాయకూడదని తెలుసుకుంది. పట్టుబడనిదల్లా నోరు మూసుకోవడం.

"ఇంట్లో మనకి మూడే మాటలు" అన్నారు బావగారు కారులో. "నమస్కారం. ఈ తలుపు తియ్యొచ్చా. వెళ్ళొస్తాం."

"కర్టెన్లు బాగున్నాయని కూడా అనకూడదా బావగారూ?"

"అనకూడదు. మనం బాగుందంటే వాళ్ళకి అంకె వినబడుతుంది."

వదిన తలూపింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళు చూసినా పెదవి కొరుక్కుని ఊరుకుంది. ఒకచోట గాజు దీపం చూసి మెచ్చుకోలు గొంతుదాకా వస్తే దగ్గి సరిపెట్టింది. ఇంటావిడ పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అలా పనంతా పూర్తికావచ్చింది. మిగిలింది బేకరీ ఆయన ఇల్లు. ఆయన కొత్త ఓవెన్ కొనడానికి ఇంటి మీద అప్పు అడిగాడు. ఆ రోజు గుమ్మం దగ్గర బావగారు టేపు వదిన చేతికిచ్చి, "లోపల నువ్వు చూసుకో. నేను కప్పు చూస్తాను" అని వెనక్కి వెళ్ళిపోయారు. ఆవిణ్ణి ఒక్కదాన్నీ వదలడం అదే మొదటిసారి. వదినకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

బేకరీ ఆయన ఒక్కో గదీ తిప్పి చూపించాడు. అల్మారాలు తనే చేసుకున్నాడు. వంటింటి గోడల టైల్సు పలకలు తనే అతికించాడు, మూలల్లో వాటిని కోసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వెనకవైపు కూతురి కోసం కొత్తగా ఒక గది కట్టుకున్నాడు. దానికి మూడు పక్కలా గోడలే, కిటికీ లేదు. వదిన అన్నీ కొలిచింది, అన్నీ రాసుకుంది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. తిరిగి వంటింట్లోకి వచ్చాక ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, చిన్నపిల్లాడిలా మొహం పెట్టి, "ఎలా ఉందమ్మా మా ఇల్లు?" అని అడిగాడు.

"బంగారంలాంటి ఇల్లండీ!" అనేసింది వదిన.

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే వెళ్ళి ఓవెన్‌కి బయానా ఇచ్చి వచ్చాడు, అదీ పెద్ద సైజుది.

రిపోర్టు వదినే రాసింది, బావగారు సరిచూశారు. వెనక గది పడకగది కింద రాలేదు. విలువ బేకరీ ఆయన ఊహించినదానికి చాలా దిగువన తేలింది. అప్పు కూడా ఆ మేరకే ఇస్తామన్నారు బ్యాంకు వాళ్ళు. వాళ్ళిచ్చిన రిపోర్టు నకలు పట్టుకుని ఆయన అగ్గిమీద గుగ్గిలమవుతూ బావగారి ఆఫీసుకి వచ్చాడు. ఆఫీసంటే మందుల షాపు వెనక ఒకే ఒక గది. అందులో రెండు బల్లలు, ఎవరైనా వస్తే వెయ్యడానికి ఒక మడతకుర్చీ. వదిన పరీక్ష దరఖాస్తు సంతకం కోసం బావగారి బల్ల మీదే ఉంది.

"మీ ఆవిడ... అదే, ఈవిడ" అన్నాడు బేకరీ ఆయన.

"మా మరదలు" అన్నారు బావగారు.

"ఎవరైతేనేం! నా వంటింట్లో నిలబడి బంగారంలాంటి ఇల్లంది. ఇక్కడేమో ఇత్తడి రేటు రాశారు. ఆ మాట నమ్మి బయానా ఇచ్చాను సార్! నా కూతురి గదిని గదే కాదంటారా?"

"విలువ సంగతి బ్యాంకుతో మాట్లాడుకోండి. మాట సంగతి మాతో మాట్లాడండి" అని బావగారు వదిన వైపు తిరిగారు. "అన్నావా?"

అప్పుడు వంటింట్లో ఉన్నది ఇద్దరే. కాదంటే ఆయన మాటకి ఎదురు ఈవిడ మాట. పలకల గురించి అన్నానని బుకాయించినా చెల్లిపోతుంది. బల్లమీద దరఖాస్తు కనబడుతూనే ఉంది. షోరూమ్‌లో ఇంతకంటే పెద్ద అబద్ధాలు పూటకి నాలుగు ఆడింది.

"అన్నాను బావగారూ" అంది.

"అయితే ఎవరికి చెప్పుకోవాలి నేను?" అన్నాడు బేకరీ ఆయన. ఒప్పుకుంటుందని అనుకోలేదేమో, గొంతు కొంచెం తగ్గింది.

బావగారు బోర్డు చిరునామా రాసి ఇచ్చారు. జరిగింది జరిగినట్టు రాసి పంపమన్నారు. ఆయన ఆ చీటీని అటూ ఇటూ తిప్పాడు. "ఇలాంటివి నేనెప్పుడూ రాయలేదు సార్. ఎలా మొదలెట్టాలో కూడా తెలీదు."

"అమ్మాయ్, రాసిపెట్టు" అన్నారు బావగారు.

తన మీద ఫిర్యాదు తనే రాయడానికి వదిన కాగితం తీసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బేకరీ ఆయన మడతకుర్చీలో కూర్చుని చెప్పడం మొదలెట్టాడు. "ఇంటికి మంచి ధర వస్తుందని మాటిచ్చింది, అని రాయండి."

"అది నేననలేదండీ."

"అనలేదా?"

"లేదు. ఎలా ఉందమ్మా అని మీరడిగారు. బంగారంలాంటి ఇల్లన్నాను. ధర మాట రాలేదు."

"సరే. నిజమే. అలాగే రాయండి. కానీ నేను నమ్మానని కూడా రాయండి."

రాసింది. ఇల్లు చూసిన రోజు రాసింది, తను ట్రైనీనని రాసింది. ఆ సమయంలో ఇంకెవరున్నారో రాయాల్సిన చోట ఆవిడ కలం ఆగింది. బావగారు కప్పు దగ్గరున్నారు. ట్రైనీ పక్కన లైసెన్సున్నవాళ్ళు ఉండి తీరాలన్నది బోర్డు నియమం. అది రాస్తే తప్పు తనది మాత్రమే కాకుండా పోతుంది. రాయకపోతే బేకరీ ఆయనకి తెలిసే దారి లేదు. ఇన్నేళ్ళలో బావగారి మీద బోర్డుకి ఒక్క ఫిర్యాదూ వెళ్ళలేదని వదినకి తెలుసు. ఆవిడ తలెత్తి చూసింది.

బావగారు వేరే రిపోర్టు చూసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "నేనెక్కడున్నానో రాయి" అన్నారు.

"బావగారూ..."

"రాయి."

వదిన రాసింది. బావగారు కాగితం అందుకుని మొదట్నించీ చదివారు. బేకరీ ఆయన సంతకం చేసి, ఫిర్యాదు మడిచి జేబులో పెట్టుకుని, "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక బావగారు వదిన దరఖాస్తు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టేశారు.

"అదేంటి? ఆయన అది పంపిస్తే?"

"పంపాలా వద్దా అన్నది ఆయనిష్టం. సంతకం పెట్టాలా వద్దా అన్నది నా ఇష్టం. నీ రాత చదివాను. చేర్చిందీ లేదు, దాచిందీ లేదు. పోయి చదువుకో."

వదిన చదువుకుంది. పరీక్ష రాసింది, పాసైంది. వీధంతా మిఠాయి పంచి, మిఠాయి బాగుందని తనే మెచ్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజు భర్త దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో ఉన్నవాళ్ళందరికీ పంపించాడు. బేకరీ ఆయన చిన్న ఓవెన్‌తో సరిపెట్టుకున్నాడని తెలిసింది. ఫిర్యాదు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. కోపం చల్లారి చింపేసి ఉంటాడని వదిన తనకి తనే సర్దిచెప్పుకుంది.

చింపలేదు. బావగారు ఆఫీసు ఖాళీ చేస్తుంటే సాయం చెయ్యడానికి వెళ్ళిన రోజు, బల్లమీద బోర్డు నుంచి వచ్చిన ఉత్తరం కనబడింది. ట్రైనీని ఒంటరిగా వదిలినందుకు వాల్యుయర్‌ని మందలిస్తున్నామనీ, ఆయన రికార్డులో అది నమోదైందనీ రెండు ముక్కల్లో రాశారు. పని మానేసేముందు ఆఖరుగా వచ్చిన ఉత్తరం అదే. వదిన రెండోసారి చదివింది. అందులో తన పేరు ఎక్కడా లేదు.

వదినకి దుఃఖం ఆగలేదు. పాత సోఫాల్ని కూడా ఆకాశానికెత్తిన మనిషికి, ఎదురుగా అట్టపెట్టె కడుతున్న ఆయన్ని ఏమనాలో ఒక్క మాట తోచలేదు.

"నోరు జారింది నేను. రికార్డు పాడైంది మీది. నా పేరు కూడా వెయ్యమని వాళ్ళకి రాస్తాను బావగారూ" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"వెయ్యరు. అప్పటికి లైసెన్సే లేదు, నీకు పేరెక్కడిది?" అన్నారు బావగారు, తాడు ముడి బిగించి. "ఇప్పుడుంది. చూసి వాడుకో."