ఆరింటి భోజనం

లండన్ శివార్లలోని క్రోయిడన్‌కి వచ్చిన కొత్తలో విజయభాస్కర్‌కి నిద్ర పట్టేది కాదు. పగలంతా ఆఫీసులో మెషీన్ కాఫీ తాగేవాడు. రాత్రి భార్య గిరిజ ఇంటికొచ్చాక వేడన్నంలో గోంగూర మటన్ కలుపుకుని కడుపునిండా తిని, పైన గ్లాసుడు ఫిల్టర్ కాఫీ పుచ్చుకునేవాడు. గిరిజది బట్టల షాపులో సాయంత్రం షిఫ్టు. ట్రామ్ దిగి ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటేది. ఇద్దరికీ తీరిక దొరికేది ఆ భోజనం దగ్గరే. అతను తన మేనేజర్ నడకను అనుకరించి చూపిస్తే ఆమె పొలమారేలా నవ్వేది. ట్రయల్ రూముల్లో జనం మరిచిపోయిన వస్తువుల గురించి ఆమె చెబుతుంటే, కాఫీ చల్లారిపోయినా అతనికి లేవబుద్ధయ్యేది కాదు.

మంచమెక్కాక మాత్రం నరకమే. గుండెల్లో మంట, అటు ఇటు దొర్లడం. చూసి చూసి గిరిజే అతన్ని బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు పెద్దావిడ. ఏం తింటావు, ఏం తాగుతావు, ఎప్పుడు అని ఓపిగ్గా అడిగింది. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దంది. రాత్రి భోజనం పెందలాడే, తేలిగ్గా కానిచ్చేయమంది.

"ఇంతేనా! మందులు రాస్తుందేమోనని హడలిపోయాను" అంది గిరిజ బయటికొచ్చాక.

విజయభాస్కర్ ఆ మాటను ఆఫీసు ప్రాజెక్టులా నెత్తికెత్తుకున్నాడు. ఆరింటికల్లా ఉడకబెట్టిన కూరముక్కలో, సూపో తినేసేవాడు. కొన్నాళ్లకే నిద్ర దారిలో పడింది. మొదటిసారి అతని గుర్రు విన్నప్పుడు గిరిజ గుమ్మంలోనే నిలబడి సంతోషంతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత రోజూ ఆమె వచ్చేసరికి పడకగది తలుపు మూసే ఉండేది.

"ఏమండీ, శనివారమైనా కలిసి తిందామా?"

"ఒక్కరోజు రొటీన్ తప్పితే వారమంతా పోతుంది గిరిజా. అన్నట్టు, రాత్రిళ్లు పోపు పెట్టకు. ఆ ఘాటుకి మెలకువ వచ్చేస్తోంది."

పోపు మానేసింది. మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టుకున్నది ఒక్కతే తినేది. పొద్దున షిఫ్టు ఇమ్మని సూపర్‌వైజర్ వెంట పడింది. చలికాలమంతా అడగ్గా అడగ్గా చివరికి షిఫ్టు మార్చారు.

ఆ రోజు ఎండ ఉండగానే ఇల్లు చేరి పుల్కాలు, బీరకాయ కూర చేసింది. ఆరింటికి ఎదురెదురుగా కూర్చున్నారు. అతను ఫోన్ చూస్తూ తిన్నాడు. కంచం సింకులో పెట్టి బూట్లు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"వాకింగ్‌కి."

"నేనూ రానా?"

"నేను స్పీడుగా నడుస్తాను. నీకు ఇబ్బంది."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పోయింది టైమేననుకుంది గిరిజ. టైము తిరిగొచ్చాక తెలిసింది, ఆ మనిషి దగ్గర తనకోసం మాటే మిగల్లేదని.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతని ఆఫీసు స్నేహితుడు సుబ్బరాజు, భార్యతో భోజనానికి వచ్చాడు.

"ఏంటి భాస్కర్, మొహం కళకళలాడిపోతోంది!"

"అంతా తిండిలోనే ఉంది రాజుగారూ. అర్ధరాత్రిళ్లు మటన్ పెట్టి, కాఫీ పోసి మా ఆవిడ నా నిద్ర చంపేసింది. అవి మానాక బతికి బట్టకట్టాను."

అందరూ నవ్వారు. వడ్డిస్తూ గిరిజా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"పాపం చెల్లెమ్మా, నిన్ను విలన్ని చేసేశాడు!" అన్నాడు సుబ్బరాజు.

"ఆ మటన్ కావాలని అడిగిందెవరో కూడా చెప్పమనండి అన్నయ్యగారూ."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అని విజయభాస్కర్ కీరా ముక్కలు ముందుకు లాక్కున్నాడు. సుబ్బరాజు భార్య గబగబా లీసెస్టర్ ఊళ్లో జరిగిన పెళ్లి కబుర్లు ఎత్తుకుంది.

వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతూ గిరిజ అడిగింది. "ఆ రాత్రుల్లో మీకు ఇంకేం గుర్తులేదా?"

అతను నిజంగానే ఆలోచించాడు.

"గుండెమంట గుర్తుంది" అన్నాడు.

మర్నాడు ఆమె సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి మళ్లీ సాయంత్రం షిఫ్టు అడిగింది. అంత పట్టుబట్టి సాధించుకున్నావు, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అంది సూపర్‌వైజర్.

"ఇబ్బందేం లేదు. మా ఆయన హాయిగా నిద్రపోతున్నారు."

వారం తిరక్కుండానే పాత షిఫ్టు ఇచ్చేశారు. సాయంత్రాలు చెయ్యడానికి అక్కడ ఎవరూ ముందుకు రారు.